ఇంటర్‌లో మ్యాథ్స్ లేకుండా బీఏ ఎకనామిక్స్: ఎమ్మే ఎక్కడ చేయాలి, ఆ తర్వాత ఏం ఉద్యోగాలు? (విశాఖ)

గోపాలపట్నం అమ్మాయి:

అందరికీ నమస్కారం. విశాఖలో బీఏ మూడో ఏడాది చదువుతున్నాను, ఎకనామిక్స్ మేజర్. ఇంటర్ తెలుగు మీడియంలో సీఈసీ చేశాను. అంటే పదో తరగతి తర్వాత మళ్లీ మ్యాథ్స్ ముట్టుకోలేదు. ఇప్పటిదాకా 74 శాతం ఉంది. ఎమ్మే చేద్దామని నా ఆలోచన. ఇంట్లోవాళ్లు మాత్రం "ఎకనామిక్స్‌తో ఏం ఉద్యోగం వస్తుంది, బ్యాంకు కోచింగ్‌లో చేరు" అంటున్నారు.

ఎమ్మే ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లోనే చేయడం మేలా, బయట యూనివర్సిటీలకి కూడా రాయాలా? మ్యాథ్స్ లేనివాళ్లకి అక్కడ సీటు వస్తుందా? ఇండియన్ ఎకనమిక్ సర్వీస్, ఆర్బీఐ లాంటివి మాలాంటివాళ్లకి అందేవేనా? విశాఖలోనే ఉండి చేసుకోదగ్గ ఉద్యోగాలు ఏమైనా ఉన్నాయా? ఈ ఏడాదిని ఎలా వాడుకోవాలో తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

---

సిరిపురం మాస్టారు:

అమ్మా, ఎకనామిక్స్‌లో ఎంత దూరం వెళ్తారన్నది కాలేజీ పేరు కన్నా మ్యాథ్స్ ఎంత వచ్చన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. చేదుగా ఉన్నా అదే నిజం. అలాగని ఎంపీసీ పిల్లలు చదివినదంతా నువ్వు చదవనక్కర్లేదు. కావలసింది అందులో మూడో వంతు కూడా ఉండదు.

ఎంపీసీ, ఎంఈసీ వాళ్లు వాడిన పాత ఇంటర్ మ్యాథ్స్ పుస్తకాలు నాలుగూ (1ఏ, 1బీ, 2ఏ, 2బీ) సంపాదించు. పాత పుస్తకాల కొట్లో తక్కువకే దొరుకుతాయి. 1ఏలో ఫంక్షన్లు, మ్యాట్రిసెస్ చాలు. వెక్టార్లు, త్రికోణమితి వదిలేయ్. 1బీలో సరళరేఖలు, లిమిట్స్, అవకలనం, దాని అనువర్తనాలు. ఇక్కడ మాత్రం లెక్కలన్నీ చేయాలి, ముఖ్యంగా గరిష్ఠ కనిష్ఠాలు. 2ఏలో ప్రస్తారాలు సంయోగాలు, విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు. 2బీలో సమాకలనం, నిశ్చిత సమాకలనులు. వృత్తాలు, శాంకవాల జోలికి పోకు. రోజుకి రెండు గంటలు కూర్చుంటే నాలుగైదు నెలల పని. ఆ పుస్తకాల్లో లేనిది పాక్షిక అవకలనం, లగ్రాంజ్ పద్ధతి (బడ్జెట్ లాంటి పరిమితికి లోబడి గరిష్ఠం కనుక్కునే దారి). అవి మ్యాథమెటికల్ ఎకనామిక్స్ పేపర్‌లో ఎలాగూ వస్తాయి.

చదివింది పట్టుబడిందో లేదో ఈ లెక్కతో చూసుకో. టీ 20 రూపాయలు, ప్లేటు పునుగులు 30 రూపాయలు, చేతిలో 1200. ఉపయోగిత ఫంక్షన్ U = xy (x అంటే టీలు, y అంటే పునుగుల ప్లేట్లు). లగ్రాంజ్ వేస్తే y = 20λ, x = 30λ వస్తాయి. వాటిని బడ్జెట్‌లో పెడితే 1200λ = 1200, అంటే λ = 1. టీలు 30, పునుగులు 20 ప్లేట్లు, ఉపయోగిత 600. ఇక్కడిదాకా అందరూ చేస్తారు. తర్వాతి ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు: λ = 1 అంటే అర్థం ఏమిటి? చేతిలో ఇంకో రూపాయి ఉంటే ఉపయోగిత దాదాపు 1 పెరుగుతుందని. 1201 రూపాయలతో మళ్లీ చేసి చూడు, 601.0004 వస్తుంది. ఇప్పుడు ఫంక్షన్‌ని U = x + y అని మార్చు. అదే పద్ధతి వేస్తే 1 = 20λ, 1 = 30λ అని ఒకదానికొకటి పొసగని సమీకరణాలు వస్తాయి. పొసగవు మరి. రెండూ ఒకదానికొకటి సరిసాటి అయినప్పుడు చవకైనదే కొంటారు, 60 టీలు తాగి పునుగుల వైపు చూడరు. సూత్రం బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు, ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లు అడిగేదీ ఇదే.

ఇక పరీక్షలు. ఐఐటీల్లో ఎమ్మెస్సీ ఎకనామిక్స్‌కి జామ్ రాయాలి. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మామూలు మల్టిపుల్ చాయిస్ 30 ప్రశ్నలకి మాత్రమే నెగటివ్ ఉంటుంది: ఒక మార్కు ప్రశ్నకి మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్నకి మూడింట రెండు వంతులు. ఒకటి కన్నా ఎక్కువ జవాబులు సరైనవి కాగల ప్రశ్నలు 10, సంఖ్య టైప్ చేసేవి 20, వీటికి నెగటివ్ లేదు. పరీక్ష ఫిబ్రవరిలో. కానీ దరఖాస్తు గడువు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే ముగిసిపోతుంది. మన వైపు పిల్లలు డిసెంబరులో మేలుకుని చేజార్చుకునేది దీన్నే.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, జేఎన్‌యూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, వీటికి సీయూఈటీ పీజీ రాయాలి. 75 ప్రశ్నలు, ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. మ్యాథ్స్‌లో వెనకబడినవాళ్లకి జామ్ కన్నా ఇది కాస్త నయం. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) వాళ్ల ఎకనామిక్స్ పీజీ కోర్సు ఎమ్మెస్‌క్యూఈ పరీక్ష మాత్రం వేరే లోకం. ఒక పేపర్ పూర్తిగా మ్యాథ్స్ మల్టిపుల్ చాయిస్, రెండోది ఎకనామిక్స్ వివరణాత్మకం. సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్క ఏడాదిలో దాన్ని కొట్టడం కష్టం. పాత ప్రశ్నపత్రాలు సాధన కోసం చెయ్యి, సీటు మీద ఆశ పెట్టుకోకు. ముంబైలో ఆర్బీఐ స్థాపించిన ఇందిరా గాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థ (ఐజీఐడీఆర్)కి విడిగా ప్రవేశ పరీక్ష ఉంటుంది.

ఒక మెలిక ఉంది, జాగ్రత్త. ఎంట్రన్స్‌లో ర్యాంకు వచ్చాక "ప్లస్ టూలో మ్యాథ్స్ సబ్జెక్టుగా ఉండాలి" అన్న నిబంధన చూపించి పక్కన పెట్టే సంస్థలు కొన్ని ఉన్నాయి. ఫీజు కట్టకముందే ప్రతి సంస్థ బ్రోచర్‌లో అర్హత పేరా చదువు. సీఈసీ వాళ్లకి దీనికి ఒక మార్గం ఉంది. జాతీయ ఓపెన్ స్కూల్‌లో పార్ట్ అడ్మిషన్ అని ఉంటుంది. సీనియర్ సెకండరీలో మ్యాథమెటిక్స్ (కోడ్ 311) ఒక్కటే తీసుకుని రాయొచ్చు, పాసైతే ఆ సబ్జెక్టుకి మార్కుల షీటు ఇస్తారు. దాన్ని ఒప్పుకుంటారా అని నువ్వు చేరదలచిన చోటికి ముందే మెయిల్ పెట్టి, వచ్చిన జవాబు దాచుకో.

---

వాల్తేరు పాతకాపు:

మాస్టారు చెప్పినదాంట్లో తప్పు లేదు కానీ, అందరూ ఢిల్లీ రైలే ఎక్కాలన్నట్టు చెప్పకండి సార్. ఇంట్లో పరిస్థితి, హాస్టల్ ఖర్చు కూడా చూసుకోవాలి. ఏయూలో ఎమ్మే చేసి స్థిరపడే దారులు ఉన్నాయి. అవేమిటో ముందే తెలుసుకుని చేరితే రెండేళ్లు వృథా కావు.

ఏయూకి ఏపీపీజీసెట్ రాయాలి. డిగ్రీ సిలబస్ గట్టిగా చదివినవాళ్లకి అది పెద్ద అడ్డంకి కాదు. ఎమ్మే తర్వాత అందరూ చెప్పేది లెక్చరర్ పోస్టే. అందులోనూ తేడాలున్నాయి. ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్‌కి పీజీలో సెకండ్ క్లాస్ ఉంటే చాలు, ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది. డిగ్రీ కాలేజీకైతే పీజీలో 55 శాతం (రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 50), దాంతోపాటు నెట్ కానీ సెట్ కానీ (ఇవి అధ్యాపక అర్హత పరీక్షలు) ఉండాలి. యూజీసీ నెట్‌లో ఎకనామిక్స్ సబ్జెక్ట్ కోడ్ 01. మొదటి పేపర్ 50 ప్రశ్నలు, రెండోది 100, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు, నెగటివ్ లేదు. ఏడాదికి రెండుసార్లు పెడతారు. ఏపీసెట్‌ని నిర్వహించేది మన ఆంధ్రా యూనివర్సిటీయే. అయితే సెట్ అర్హత ఈ రాష్ట్రంలోనే చెల్లుతుంది, నెట్ దేశమంతా చెల్లుతుంది. ఎమ్మే రెండో ఏడాదిలో ఉండగానే నెట్‌కి దరఖాస్తు పెట్టొచ్చు. చాలామంది కోర్సు అయ్యేదాకా ఆగి ఒకటి రెండు అవకాశాలు పోగొట్టుకుంటారు. జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకి 37,000 ఫెలోషిప్. దానికి వయోపరిమితి ఉంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి లేదు.

నెట్‌లో మన పిల్లలు పోగొట్టుకునేది ఎక్కువగా మొదటి పేపర్‌లోనే. అది బోధన, పరిశోధన పద్ధతులు, రీజనింగ్, డేటా పట్టికలు, ఉన్నత విద్యావ్యవస్థ లాంటివి కలగలిపిన పేపర్. "అది జనరల్‌ కదా" అని ముట్టుకోరు. 300లో 100 మార్కులు అవి.

గ్రూప్స్ గురించి నువ్వు అడగలేదు. అయినా ఒక మాట. గ్రూప్ 2 మెయిన్స్ రెండో పేపర్‌లో 150 మార్కులకి భారత, ఆంధ్రప్రదేశ్ ఆర్థిక వ్యవస్థ, సైన్స్ అండ్ టెక్నాలజీ కలిసి ఉంటాయి. అందులో సగం నీ సబ్జెక్టే. ఎమ్మే చదివినవాళ్లు అక్కడ కూడా సిద్ధాంతం రాసుకుంటూ కూర్చుని దెబ్బతింటారు. ఆ పరీక్షకి కావలసింది రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే, బడ్జెట్ ప్రసంగం, పథకాల లెక్కలు. వక్రరేఖలు కాదు.

విశాఖలో ఉద్యోగాల సంగతి. "ఎకనామిస్ట్" అన్న బోర్డు పెట్టుకుని ఇక్కడ ఎవరూ పిలవరు. కానీ ఏయూ క్యాంపస్‌లోనే కేంద్ర వ్యవసాయ శాఖ కింద పనిచేసే అగ్రో ఎకనమిక్ రీసెర్చ్ సెంటర్ ఉంది, ఆరోగ్య శాఖ కింద పాపులేషన్ రీసెర్చ్ సెంటర్ ఉంది. ఇలాంటి చోట్ల ప్రాజెక్టు వచ్చినప్పుడు సర్వేకి, డేటా ఎంట్రీకి, రిపోర్టు రాయడానికి మనుషుల్ని తాత్కాలికంగా తీసుకుంటారు. జీతం చూసి కాదు, పని నేర్చుకోవడానికి వెళ్లాలి. పాడేరు మన్యంలో ప్రశ్నావళి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినవాడికి, "గత 30 రోజుల ఖర్చు" అన్న గడిలో ఎందుకు తప్పుడు లెక్కలు వస్తాయో ఎవరూ చెప్పక్కర్లేదు. సంతకి వారానికోసారి వెళ్లే ఇంట్లో వారం లెక్కే నోటికొస్తుంది. దాన్ని నెలకి మార్చకుండా అలాగే రాసుకునే ఇన్వెస్టిగేటర్ల వల్ల సగం డేటా పాడైపోతుంది.

---

సిరిపురం మాస్టారు:

పాతకాపు గారూ, ఏయూ వద్దని నేననలేదు. ఎంట్రన్స్‌ల కోసం చేసిన మ్యాథ్స్ ఏయూలో చేరినా పనికొస్తుంది, నెట్ రెండో పేపర్‌లో స్టాటిస్టిక్స్, ఎకనోమెట్రిక్స్ ఎలాగూ ఉన్నాయి. బయట సీటు రాకపోతే ఏయూ ఉండనే ఉంది. ముందే ఏయూ చాలనుకుంటే ఆ మ్యాథ్స్ ఎప్పటికీ చేయరు, నా భయం అదే.

---

గోపాలపట్నం అమ్మాయి:

మాస్టారు గారికి, పాతకాపు గారికి చాలా థ్యాంక్స్ అండి. ఓపెన్ స్కూల్ సంగతి ఇప్పుడే తెలిసింది. ఇంకో సందేహం. డేటా అనలిస్ట్ ఉద్యోగాలకి ఎకనామిక్స్ వాళ్లని తీసుకుంటారని విన్నాను. నాకు ఎక్సెల్ తప్ప ఇంకేమీ రాదు. ద్వారకానగర్‌లో డేటా సైన్స్ కోర్సు అని బోర్డులు కనిపిస్తున్నాయి, ఫీజులు కూడా బాగానే ఉన్నాయి. చేరమంటారా?

---

మల్టిప్లయర్:

చేరకండి. కనీసం ఇప్పుడే చేరకండి. ఆ కోర్సుల్లో చాలావరకు సాధనకి ఇచ్చేది ముందే శుభ్రం చేసిన చిన్న ఫైలు. నొక్కితే గ్రాఫ్ వస్తుంది, సర్టిఫికెట్ వస్తుంది. ఇంటర్వ్యూలో మాత్రం చెత్తగా ఉన్న ఫైలు ఇచ్చి "ఇందులోంచి ఈ అంకె తీయండి" అంటారు. అది ఉచితంగా నేర్చుకునే దారి ఉంది, పైగా మీ సబ్జెక్టులోనే.

కేంద్ర గణాంక శాఖ ప్రతి ఏడాదీ చేసే శ్రామిక శక్తి సర్వే ఉంది కదా, పీఎల్‌ఎఫ్‌ఎస్. 2017-18 నుంచి వస్తోంది. దాని మనిషి స్థాయి డేటా ఆ శాఖ మైక్రోడేటా పోర్టల్‌లో రిజిస్టర్ అయితే ఉచితంగా దొరుకుతుంది. 2023-24 ఫైలు తీసుకోండి. ఆర్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. ర్యామ్ 8 జీబీ ఉంటే హాయి.

ఫైలు తెరిస్తే భయపడకండి. కామాలూ శీర్షికలూ ఏమీ లేకుండా వరసగా అంకెలే ఉంటాయి. ఏ అంకె ఏ స్థానం నుంచి ఏ స్థానం దాకా ఉందో చెప్పే లేఅవుట్ ఫైలు పక్కనే ఉంటుంది. దాన్ని చూసి స్థానాల ప్రకారం కోసి చదివించాలి. ఫస్ట్ విజిట్ పర్సన్ ఫైలులో మీకు కావలసినవి రాష్ట్రం, జిల్లా, గ్రామమా పట్టణమా, లింగం, వయసు, ప్రధాన స్థితి కోడ్ (ఏడాదిలో ఎక్కువకాలం చేసినది), అనుబంధ స్థితి కోడ్ (దానికి తోడు కొంతకాలం చేసిన పని), చివర్లో ఉండే మల్టిప్లయర్, ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ, క్వార్టర్ల సంఖ్య. అంతే. మిగతా కాలమ్‌లు వదిలేయండి.

కోడ్‌లు ఇలా: 11 నుంచి 51 దాకా ఏదో ఒక పనిలో ఉన్నవాళ్లు (11, 12 సొంత పని, 21 కుటుంబం నడిపే పొలం, కొట్టు లాంటివాటిలో జీతం లేని సాయం, 31 నెల జీతం, 41, 51 కూలి). 81 అంటే పని వెతుక్కుంటున్నవాళ్లు. 91 విద్యార్థులు, 92, 93 ఇంటిపని చూసుకునేవాళ్లు. ప్రధాన స్థితి కానీ అనుబంధ స్థితి కానీ 11–51లో ఉంటే ఉద్యోగి కింద లెక్క. ప్రధాన స్థితి 81 అయి, అనుబంధంలో కూడా పని లేకపోతే నిరుద్యోగి. ఈ రెండూ కలిపితే శ్రామిక శక్తి.

అసలు చిక్కు వెయిట్ల దగ్గర వస్తుంది. సర్వేలో ఒక్కొక్క మనిషి బయట ఎంతోమందికి ప్రతినిధి. ఆ సంఖ్య మల్టిప్లయర్ నుంచి వస్తుంది. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ సమానమైతే దాన్ని 100తో, కాకపోతే 200తో భాగించాలి. ఏడాది మొత్తం అంచనాకి క్వార్టర్ల సంఖ్యతో మరోసారి భాగించాలి. ఇది చేయకుండా ఉత్త వరసలు లెక్కపెట్టేవాళ్లే ఎక్కువ. సర్వేలో పట్టణాల వాటా జనాభాలో వాటాతో సరిపోలదు కాబట్టి జవాబు పక్కకి పోతుంది.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం తేలిక. దేశం మొత్తానికి, 15 ఏళ్లు, ఆ పైబడినవాళ్లలో శ్రామిక శక్తి వాటా 60.1 శాతం, పనిలో ఉన్నవాళ్లు 58.2 శాతం, నిరుద్యోగం 3.2 శాతం రావాలి. ప్రభుత్వ నివేదికలో ఉన్నవి అవే. మీకు నిరుద్యోగం 1.9 వచ్చిందంటే జనాభాతో భాగించారన్నమాట. నిరుద్యోగ రేటుకి హారం శ్రామిక శక్తి, జనాభా కాదు. ఈ ఒక్క తప్పు పేపర్లలో వ్యాసాల్లో కూడా కనిపిస్తుంటుంది.

ఆ అంకెలు కుదిరాక రాష్ట్రం కోడ్ 28 పెట్టి ఆంధ్రప్రదేశ్ తీయండి. విశాఖ జిల్లా కూడా తీసేద్దామని మనసు లాగుతుంది. రెండు కారణాల వల్ల ఆగాలి. ఆ ఏళ్ల సర్వేని రాష్ట్రం స్థాయి అంచనాకి తయారు చేశారు, ఒక్క జిల్లాకి దొరికే మనుషులు చాలా తక్కువ. రెండోది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కోడ్ పాత జిల్లాదైతే అందులో అనకాపల్లి, పాడేరు వైపంతా కలిసి ఉంటుంది. దాన్ని "విశాఖ నగరం" అని రాస్తే అంతా తప్పే. లేఅవుట్‌తో పాటు ఉన్న జిల్లాల జాబితా చూడకుండా ఒక్క వాక్యం కూడా రాయొద్దు.

ఇది పూర్తయితే రెండు పేజీల నోట్, వాడిన కోడ్ ఫైలు కలిపి ఆన్‌లైన్‌లో పెట్టండి. రీసెర్చ్ అసోసియేట్ ఉద్యోగాలకి (హైదరాబాద్‌లో సెస్, ఢిల్లీలో ఎన్‌సీఏఈఆర్ లాంటి సంస్థలు, క్షేత్ర ప్రయోగాలు చేసే జే-పాల్ లాంటివి) కోర్సు సర్టిఫికెట్ కన్నా ఇదే ఎక్కువ పలుకుతుంది.

రెండో ప్రాజెక్టు కావాలంటే మన ఊరికి దగ్గరగా ఉండేది రొయ్యల ఎగుమతి. వాణిజ్య శాఖ ఎగుమతి దిగుమతుల డేటా బ్యాంకులో సరుకు కోడ్ వారీగా, దేశం వారీగా దొరుకుతుంది. గడ్డకట్టించిన రొయ్యలు 030617 కింద వస్తాయి. వండి, పిండి పట్టించి పంపేవి 1605 కింద వేరే ఉంటాయి. రెండో కోడ్ మర్చిపోతే విలువ ఎక్కువున్న సరుకే లెక్కలోంచి జారిపోతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది కదా, దానికి ముందూ వెనకా టన్నులు ఎలా మారాయి, కిలోకి వచ్చే ధర ఎలా మారింది, చైనా, యూరప్ వైపు ఎంత మళ్లింది అని చూడండి. ఒక నెలని దాని ముందు నెలతో పోల్చొద్దు, రొయ్యల పంటకి సీజన్ ఉంది. నిరుటి అదే నెలతో పోల్చండి. డాలర్లలో చూడండి, రూపాయి విలువ తగ్గితే రూపాయల్లో ఎగుమతి పెరిగినట్టు కనిపిస్తుంది.

మీరు అడిగిన అనలిస్ట్ ఉద్యోగాల్లో బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల క్రెడిట్ రిస్క్ విభాగాలు ఎకనామిక్స్ వాళ్లకి బాగా సరిపోతాయి. ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, ముంబైలలో. వాటికి ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి డేటా తీసే భాష) రావాలి, అది మూడు నాలుగు వారాల్లో వస్తుంది. లాజిస్టిక్ రిగ్రెషన్ అర్థమై ఉండాలి. ఇంటర్వ్యూలో రిగ్రెషన్ పట్టిక ముందు పెట్టి చదవమంటారు. జీతం లాగరిథమ్‌లో ఉండి, డిగ్రీ ఉందా లేదా అన్న చలరాశి గుణకం 0.25 ఉంటే "25 శాతం ఎక్కువ" అనేస్తారు అందరూ. సరిగ్గా లెక్కేస్తే 28.4 శాతం. 0.05 లాంటి చిన్న గుణకాలకి ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు, 0.25కి పట్టించుకోవాలి. ఈ ముక్క చెప్పగలిగితే ఎదుటివాళ్లు రెండో ప్రశ్న మర్యాదగా అడుగుతారు.

---

రెడ్ ఇంక్:

ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ గురించి ఎవరూ చెప్పలేదు, అది నేను చెప్తాను.

యూపీఎస్సీ పెడుతుంది. వయసు 21–30. ఎకనామిక్స్, అప్లైడ్ ఎకనామిక్స్, బిజినెస్ ఎకనామిక్స్, ఎకనోమెట్రిక్స్, వీటిలో పీజీ ఉండాలి. ఎంబీఏ, ఎంకామ్ పనికిరావు. పట్టా మీద కోర్సు పేరు ఏముంటుందో చేరకముందే చూసుకోండి. డెవలప్‌మెంట్ స్టడీస్ అని ఉంటే సిలబస్ అంతా ఎకనామిక్సే అయినా చిక్కే. ఇంగ్లిష్ 100, జనరల్ స్టడీస్ 100, జనరల్ ఎకనామిక్స్ మూడు పేపర్లు తలా 200, ఇండియన్ ఎకనామిక్స్ 200, ఇంటర్వ్యూ 200. మొత్తం 1200. పోస్టులు చాలా ఏళ్లలో పాతిక కూడా దాటవు. కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆర్బీఐ గ్రేడ్ బీలో ఆర్థిక పరిశోధన విభాగం పోస్టులకి ఇదే సిలబస్ చాలావరకు సరిపోతుంది (పీజీలో 55 శాతం కావాలి). రెండూ కలిపి చదివేవాళ్లే ఎక్కువ. ఆర్బీఐ గ్రేడ్ బీ జనరల్ వేరు, దానికి ఏ డిగ్రీ అయినా 60 శాతం ఉంటే చాలు.

ఎకనమిక్ సర్వీస్ పరీక్షలో జవాబులన్నీ ఇంగ్లిష్‌లోనే రాయాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు దీనికి బెదిరిపోతారు. బెదరాల్సింది భాషకి కాదు. ఈ పేపర్లలో వాక్యాల అందానికి మార్కులుండవు. పటం, సమీకరణం, రెండు పొట్టి వాక్యాలు, అంతే. ఉదాహరణకి పన్ను వల్ల సమాజానికి ఎంత నష్టం అన్న ప్రశ్న వస్తే పేజీన్నర వ్యాసం రాస్తారు చాలామంది. దానికి బదులు ఒక లెక్క పెట్టండి: డిమాండు P = 100 − Q, సప్లయ్ P = 20 + Q. పన్ను లేనప్పుడు 40 యూనిట్లు, ధర 60. యూనిట్‌కి 20 పన్ను వేస్తే 30 యూనిట్లు. కొనేవాడు ఇచ్చేది 70, అమ్మేవాడికి మిగిలేది 50. ప్రభుత్వానికి 600, ఎవరికీ అందకుండా పోయింది 100 (సగం × 20 × 10). ఇక్కడ పన్ను భారం చెరి సగం పడింది. ఎందుకంటే రెండు రేఖల వాలు సమానం. "పన్ను ఎప్పుడూ చెరి సగం పడుతుంది" అని రాస్తే మార్కులు పోతాయి, వ్యాకోచత్వం తక్కువున్న వైపు ఎక్కువ పడుతుంది. పటంలో అక్షాలకి పేర్లు రాయకపోవడం, త్రిభుజం గీసి అందులో ఏది ఏమిటో చెప్పకపోవడం, ఇవి నేను దిద్దే ప్రతి పది పేపర్లలో ఏడెనిమిదింటిలో ఉండే తప్పులు.

రోజూ ఒక జవాబు చేత్తో రాయండి. చదవడం మాత్రమే చేసి పరీక్షకి వెళ్తే మూడు గంటల్లో సగం పేపర్ కూడా అవ్వదు.

బ్యాంకు కోచింగ్ సంగతి: పీవో పరీక్షకి ఎకనామిక్స్ అవసరం లేదు, ఎకనామిక్స్ చదివినందుకు లాభమూ పెద్దగా లేదు. ఇంట్లోవాళ్ల మనసు నెమ్మదించడానికి ఎమ్మే చేస్తూ పక్కన రాసుకోవచ్చు, రీజనింగ్, అంకగణితం నెట్ మొదటి పేపర్‌కీ పనికొస్తాయి. మానేసి పూర్తిగా అటు వెళ్లాల్సిన పనిలేదు.

---

గోపాలపట్నం అమ్మాయి:

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండి. జామ్‌కి, సీయూఈటీకి ఈసారి దరఖాస్తు పెడతాను, పీజీసెట్ ఎలాగూ రాస్తాను. మేము బీసీ-డీ. కుల ధ్రువీకరణ పత్రం ఇంటర్‌లో తీసుకున్నది ఉంది, అది సరిపోతుందా?

---

వాల్తేరు పాతకాపు:

పీజీసెట్‌కి, ఏయూకి అది సరిపోతుందమ్మా. జామ్‌కి, సీయూఈటీకి సరిపోదు. కేంద్ర సంస్థలకి ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం, కేంద్ర నమూనాలో ఉన్నదే కావాలి. ముందు మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకో, రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అందులో ఉండవు. ఉంటే వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టు, అమ్మానాన్నల ఆదాయం వివరాలు అడుగుతారు. నాన్ క్రీమీలేయర్ హోదా ఆదాయం బట్టి మారేది కాబట్టి పాత తేదీ ఉన్న పత్రం ఒప్పుకోరు. ఏ తేదీ తర్వాత జారీ చేసినది కావాలో ప్రతి నోటిఫికేషన్‌లో రాసి ఉంటుంది. పత్రంలో, పదో తరగతి మెమోలో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉందా అని కౌంటర్ దగ్గరే చదువుకుని తీసుకో. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంతో ఉంటే అడ్మిషన్ రోజు ఆపేస్తారు. తహసీల్దార్ ఆఫీసులో సంతకానికి వారం పది రోజులు పడుతుంది, జామ్ ఫారం తెరిచాక పరిగెత్తకుండా ఇప్పుడే పెట్టేయ్.